చావు సంగతి ఊరందరికీ తెలుసు... కాగితమే దొరకదు!

రాజమండ్రి : చావు కబురు తెచ్చిన కార్డును చదివి అక్కడికక్కడే చింపేయడం గోదావరి జిల్లాల్లో పాత ఆచారం. అశుభ లేఖ ఇంట్లో ఉండకూడదంటారు. పోయిన మనిషి పేరు, తిథి, వారం, పెద్దకర్మ జరిగే రోజు అన్నీ ఆ కార్డు మీదే ఉంటాయి. ముప్ఫై ఏళ్ల తరువాత పొలం తగాదా వచ్చి ఆ వివరాలే కావలసి వస్తే ఏ చుట్టం ఇంట్లోనూ ఒక్క ముక్క దొరకదు.

"తాతగారు పోయారని ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆఫీసులో మాత్రం కాగితం ఏదీ అంటారు" అనేది తహసీల్దారు కార్యాలయాల వరండాల్లో తరచు వినిపించే మాట. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మారాలన్నా, వితంతు పింఛను రావాలన్నా, బ్యాంకులో సొమ్ము, బీమా డబ్బు తీసుకోవాలన్నా, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కావాలన్నా ముందుగా అడిగేది మరణ ధ్రువపత్రమే. నిన్న మొన్న పోయినవారి సంగతి ఎలా ఉన్నా, తాతల నాటి చావును రుజువు చేయవలసి వచ్చినప్పుడే అసలు తిప్పలు మొదలవుతున్నాయి.

ఈ కాగితం కోసం బయలుదేరేవారు ఇంటి దగ్గరే తేల్చుకోవలసినవి రెండున్నాయి. మనిషి పోయింది ఏ చోట? ఏ తేదీన? ఈ రెండూ తేలితే ఏ ఆఫీసు గడప తొక్కాలో తెలుస్తుంది. తేలకపోతే చెప్పులరగడమే మిగులుతుంది.

సొంత ఊరు కాదు, పోయిన చోటు

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మనిషిది కోనసీమలో పల్లెటూరే కావచ్చు. పొలం, ఓటు, రేషను కార్డు అన్నీ అక్కడే ఉండవచ్చు. కాని జబ్బు ముదిరి కాకినాడ పెద్దాసుపత్రిలో కన్నుమూస్తే ఆ మరణం నమోదయ్యేది కాకినాడలో. ఊరి పంచాయతీ పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఆ పేరు కనిపించదు. భీమవరం దగ్గరి రైతు విజయవాడ ఆసుపత్రిలో పోతే విజయవాడలోనే అడగాలి. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే రాయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది.

ఇంట్లో పోతే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో పోతే అక్కడి వైద్యాధికారి ఆ సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాలి. దారిలో వాహనంలోనే ప్రాణం పోతే, ఆ వాహనం మొదట ఆగిన చోట తెలియజేయవలసిన బాధ్యత దాన్ని నడిపించే వారిది. అనాథ శవం దొరికితే ఆ బాధ్యత పోలీసు స్టేషనుపై కూడా ఉంటుంది.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే లెక్క. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రి మనిషి. ఆయన చనిపోయింది మాత్రం 1919 మే 27న మద్రాసులో. ఆనకట్ట కట్టి డెల్టాకు అన్నం పెట్టిన కాటన్ దొర పోయింది 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగులో. వారి చావు నమోదు కోసం రాజమండ్రిలోనో ధవళేశ్వరంలోనో వెతికితే లాభం లేదు.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి స్నానానికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. చట్టం ప్రకారం ఆ మరణాల నమోదు స్థలం రాజమండ్రే. ఎక్కడో శ్రీకాకుళం పల్లెలో ఉన్న కుటుంబానికి ఈ సంగతి చెప్పేవారు లేకపోతే సొంత పంచాయతీ చుట్టూ తిరుగుతూ ఉండిపోతారు.

తిథి తెలుసు, తేదీ తెలియదు

ఏ ఇంటికి వెళ్లి పెద్దాయన ఎప్పుడు పోయారని అడిగినా "మాఘ బహుళ దశమి" అని ఠక్కున చెబుతారు. ఏటా తద్దినం పెట్టేది తిథిని బట్టే గనుక తరాలు మారినా అది మరుపురాదు. ఇంగ్లీషు తేదీ అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రిజిస్టరు తిథులతో నడవదు.

పాత పంచాంగాలు దాచుకున్న పురోహితులు ఈ చిక్కు విడదీయగలరు. అయితే రెండు జాగ్రత్తలు పాటించాలి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. "ప్రభవ"లో పోయారంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. పోయిన మనిషి పిల్లల వయసు చూసుకుంటే అది ఏ ప్రభవో తేలిపోతుంది. రెండోది, తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది గనుక మాఘ ఫాల్గుణాలు మరుసటి ఇంగ్లీషు ఏడాదిలోకి వస్తాయి. గోదావరికి పెద్ద వరద వచ్చిన "అక్షయ" నామ సంవత్సరం మాఘంలో పోయిన మనిషిని 1986 పుస్తకంలో వెతికితే దొరకడు. 1987 పుస్తకం తీయించాలి.

తిథి కూడా గుర్తులేని ఇళ్లలో ఆనవాళ్లు ఉపయోగపడతాయి. "వరద ఏడు" అంటే 1986 ఆగస్టు. "తుపాను ఏడు" అంటే కోనసీమ వారికి 1996 నవంబరు. "పుష్కరాల ముందు సంక్రాంతికి" అన్నారంటే ఆ పుష్కరాలు 1979వా, 1991వా, 2003వా, 2015వా అని ఆరా తీయాలి. మరో మాట. రిజిస్టరులో పేర్లు చనిపోయిన వరుసలో కాక, కబురు అందిన వరుసలో ఎక్కుతాయి. ఆ తేదీ దగ్గర పేరు కనబడకపోతే ఇంకో నెల పుటలు తిప్పించి చూడడం మంచిది.

పేరు కూడా చిక్కు తెస్తుంది. తాతగారి పేరు పత్రాల్లో వెంకట సూర్యనారాయణమూర్తి అయినా ఊరంతా "అబ్బులు" అనే పిలిచి ఉంటారు. చావు రాయించడానికి వెళ్లిన పాలేరు నోటి వెంట వచ్చిన పేరే పుస్తకంలోకి ఎక్కి ఉండవచ్చు. అందుకని అసలు పేరుతో పాటు ముద్దుపేరు, తండ్రి పేరు, ఆడవారైతే పుట్టింటి పేరు కూడా రాసుకుని వెళ్లాలి.

మునసబు పెట్టె నుంచి సచివాలయం దాకా

చోటు, తేదీ తేలాక పుస్తకం ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. 1969 చట్టానికి ముందు ఈ ప్రాంతంలో మద్రాసు రాజధాని 1899లో చేసిన చట్టం నడిచేది. పల్లెల్లో చావు పుట్టుకల లెక్క గ్రామ మునసబు, కరణాల చేతుల్లో ఉండేది. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2002 నుంచి పంచాయతీ కార్యదర్శులు, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. ఒక్క ఊరి లెక్క ఇన్ని చేతులు మారింది. 1984లో అప్పగింతల వేళ కొన్ని ఊళ్ల పుస్తకాలు జాబితాలోకి ఎక్కనే లేదని పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

జిల్లాల హద్దులు కూడా స్థిరంగా లేవు. పశ్చిమ గోదావరి 1925లో కృష్ణా జిల్లా నుంచి విడివడింది. అంతకుముందు నాటి కాగితాలలో "కృష్ణా జిల్లా" అని ఉంటే కంగారు పడనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడిపోయినప్పుడు డెల్టా ప్రాంతమంతా కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కిందికి సర్దుకుంది. ఒకప్పుడు కాకినాడ కలెక్టరేటుకు పరుగెత్తినవారు ఇప్పుడు అమలాపురం వెళ్లవలసి వస్తోంది.

ఏడాది ముగిశాక మరో పన్నెండు నెలలు రిజిస్టరును రిజిస్ట్రారే ఉంచుకోవాలని, ఆ తరువాత భద్రపరిచే అధికారికి పంపాలని నిబంధన. అందువల్ల పల్లెల పాత పుస్తకాల కోసం పంచాయతీలో అడిగాక మండల తహసీల్దారు కార్యాలయంలోనూ అడగాలి. పట్టణాల్లో పోయినవారికి పురపాలక సంఘం, నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగాలే దిక్కు. ఈ పుస్తకాలు శాశ్వత దస్తావేజులు. పారేయడానికి ఎవరికీ హక్కు లేదు. కాని డెల్టాలో కాగితానికి చెమ్మ, చెద, వరద ముగ్గురూ శత్రువులే.

యానాం పుస్తకం వేరు

గౌతమి ఒడ్డున యానాంలో కథ మరోలా ఉంది. 1954 దాకా అది ఫ్రెంచివారి పాలన. అక్కడ పుట్టుక, పెళ్లి, చావు మూడూ ఫ్రెంచి భాషలో రిజిస్టర్లలో రాసేవారు. చనిపోయిన వారి పేరు, వయసు, వృత్తితో పాటు తల్లిదండ్రుల పేర్లు, కబురు చెప్పినవారి సంతకాలు కూడా ఉండేవి. తాతల వంశవృక్షం వెతుక్కునేవారికి అది గొప్ప ఆధారం.

ఆ రిజిస్టర్ల ప్రతులు ఫ్రాన్సుకు వెళ్లేవి. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ పట్టణంలో పూర్వపు వలసల దస్తావేజుల భాండాగారం ఉంది. యానాం పాత రిజిస్టర్ల పుటలను ఆ సంస్థ కంప్యూటరులో ఎవరైనా చూసుకునేలా ఉంచింది. అంటే నదికి ఈ ఒడ్డున ఎదుర్లంకలో పోయిన రైతు లెక్క మునసబు పెట్టెలో చెదలు తిని ఉండవచ్చు గాని, ఆ ఒడ్డున యానాంలో పోయిన అతని మేనమామ లెక్క సముద్రాల అవతల పదిలంగా ఉండవచ్చు. పేర్లు ఫ్రెంచి పద్ధతిలో రాసి ఉంటాయి గనుక ఆ అక్షరక్రమం తెలిసినవారి సాయం తీసుకోవాలి. యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. కోనసీమ మనిషి యానాం ఆసుపత్రిలో పోతే ఈనాటికీ కాగితం ఇచ్చేది అక్కడే.

అర్జీ పెట్టడం ఇలా

పాత చావు నకలు అడగడానికి దగ్గరి బంధువే కానక్కరలేదు. రిజిస్టరులో వెతికించి నకలు పొందే వీలు ఎవరికైనా ఉందని చట్టంలోని 17వ సెక్షను చెబుతోంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, పోయిన చోటు, తేదీ రాసి, నిర్ణీత రుసుము కట్టాలి. తేదీ తెలియకపోతే ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా వెతకాలో రాయాలి. వెతికినందుకు రుసుము ఏడాదికింత చొప్పున పడుతుంది గనుక సంవత్సరాన్ని ఎంత దగ్గరగా చెబితే ఖర్చు అంత తక్కువ. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మరచిపోరాదు.

నకలులో చావుకు కారణం రాయరు. ఆ వివరం నకలులో వెల్లడించకూడదని చట్టమే చెబుతోంది. అది గుమాస్తా పొరపాటని తగవు పడనక్కరలేదు. పేరులో తప్పు పడితే రుజువులు చూపి సవరణ కోరవచ్చు. పాత అక్షరాలను కొట్టివేయకుండా పక్కన మార్జినులో సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెడతారు.

ఎంత వెతికినా పేరు దొరకకపోతే "లేదు పొమ్మన్నారు" అని ఉత్తి చేతులతో తిరిగి రాకూడదు. రిజిస్టరులో నమోదు లభ్యం కాలేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్టు అడిగి తీసుకోవాలి. తరువాతి మెట్టు ఎక్కడానికి ఆ కాగితమే ఆధారం. ఫలానా ఊరి ఫలానా ఏడాది పుస్తకం ఏ ఆఫీసులో ఉందో ఎవరూ చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

అసలు రాయించనే లేదంటే

చావును 21 రోజుల్లోగా తెలియజేస్తే రుసుము లేదు. తెలియజేసిన వారికి నకలు ఊరికే ఇవ్వాలి. 21 రోజులు దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోతుంది. నెల దాటి ఏడాదిలోపు అయితే నిర్ణీత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందా, పని బరువెక్కుతుంది. పూర్వం దానికి మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చాక కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇస్తున్నారు. వాడుకలో చెప్పాలంటే ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాలి.

అప్పుడు చూపవలసిన రుజువులు ఇళ్లలోనే ఉంటాయి గాని మనం గుర్తించం. ఆసుపత్రి చీటీ, శ్మశానం రసీదు, క్రైస్తవులైతే చర్చి సమాధుల రిజిస్టరు, ముస్లిములైతే ఖబరస్తాన్ కమిటీ రాసుకున్న పుస్తకం, చూసిన ఇరుగుపొరుగు వాంగ్మూలాలు ఆ కోవలోవే.

శవం దొరకని చావు

అన్నిటికన్నా కష్టం, మనిషి తిరిగి రాకపోయినా పోయాడని ఎవరూ రాయని ఇళ్లది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. ఐ.పోలవరం మండలం భైరవపాలెం, కాట్రేనికోన మండలం బలుసుతిప్ప వంటి రేవులు ఆ దెబ్బకు కుప్పకూలాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం వద్ద పర్యాటకుల బోటు మునిగి 51 మంది బలయ్యారు. బోటును పైకి తీసింది అక్టోబరు 22న. అన్ని రోజులూ గట్టున కూర్చున్న వారికి దొరుకుతాడన్న ఆశ ఒకవైపు, దొరకకపోతే ఏం చూపాలన్న దిగులు మరోవైపు.

శవం లేకపోతే రిజిస్ట్రారు తనంతట తానుగా చావు రాయలేడు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇవ్వాలి, లేకపోతే కోర్టుకు వెళ్లాలి. తెలియవలసిన వారికి ఏడేళ్ల పాటు ఏ సమాచారమూ అందని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలోనూ ఆ నియమం ఉంది. అయితే ఆ నియమం మనిషి పోయాడని మాత్రమే ఊహిస్తుంది, ఏ రోజున పోయాడో చెప్పదు. ఆ ఏడేళ్లూ ఆమె మెడలో తాళి ఉంచుకోవాలా తీసేయాలా అన్నది ఊరు మాట్లాడుతుంది. పింఛను వస్తుందా రాదా అన్నది ఆఫీసు మాట్లాడుతుంది. రెండింటి మధ్య పిల్లల చదువు ఆగిపోతుంది. అందుకని మనిషి కనబడని వెంటనే పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాయించి నకలు దాచుకోవాలి. ఏడేళ్ల లెక్కకు మొదటి సాక్ష్యం ఆ ఫిర్యాదే.

అంతకు పూర్వపు ఉప్పెనల్లో పోయినవారికి ఆ మాత్రం ఆధారమూ లేదు. 1839 నవంబరు 25న కోరంగిని సముద్రం ముంచెత్తింది. ఎంతమంది పోయారో ఒక్కొక్క పుస్తకం ఒక్కో లెక్క చెబుతుంది. పేరు పేరునా రాసిన రిజిస్టరు లేకపోవడమే దానికి కారణం.

పత్రికలో, రాతి మీద, గిన్నె మీద

తేదీ పట్టుకోవడానికి పత్రికల్లో వచ్చిన సంతాప వార్తలు, శ్రద్ధాంజలి ప్రకటనలు అక్కరకు వస్తాయి. రాజమండ్రిలో 1898 నాటి నుంచి పెరుగుతూ వచ్చిన గౌతమీ గ్రంథాలయం పాత పత్రికలకు పేరుపడింది. పాత తరంలో నాయకులు, పండితులు, పెద్ద రైతుల చావులే పత్రికకు ఎక్కేవి. జిల్లా పేజీలు వచ్చాకే మామూలు కుటుంబాల ఫొటోలు కనిపించడం మొదలైంది. ఒక జిల్లా పేజీలో వచ్చింది పక్క జిల్లా పేజీలో ఉండదు. కాబట్టి పత్రిక పేరు, తేదీతో పాటు ఏ జిల్లా సంచికో కూడా చెప్పి అడగాలి. పెద్దకర్మ ఆహ్వానం, ఏడాది తరువాత వచ్చే స్మృత్యంజలి కూడా వెతకడం మంచిది. చనిపోయిన మర్నాడు వార్త రాకపోయినా సంవత్సరీకం నాటి ప్రకటనలో తేదీ ఉంటుంది.

పత్రికకెక్కని వారికి ఇంకా గుర్తులున్నాయి. పెద్ద దినం నాడు పంచిన స్టీలు గిన్నె అడుగున పేరు, తేదీ చెక్కించడం మన వైపు అలవాటు. గుడిలో ఫ్యాను రెక్క మీద, బడికిచ్చిన బల్ల మీద, బస్సు షెల్టరు గోడ మీద "కీ.శే." అని మొదలయ్యే వరుస ఉంటుంది. ఇంట్లో గోడకు వేలాడే ఫొటో వెనక రాసి ఉండవచ్చు. పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం ప్రాంతాల్లో వర్తకం చేసిన పరదేశీయుల సమాధి రాళ్ల రాతలను 1905లో జె.జె.కాటన్ అనే అధికారి మద్రాసు రాజధాని అంతటా తిరిగి చేర్చిన సమాధుల గ్రంథంలో వెతకవచ్చు. వారికి రాయి, మనకు గిన్నె. ఇవి ధ్రువపత్రానికి సమానం కావు గాని, ఏ పుస్తకంలో ఏ పుట తిప్పాలో చెబుతాయి.

పదకొండో రోజు లోపల

ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులూ చేయవలసిన పనులు చెప్పడానికి ఊళ్లో పెద్దలుంటారు. బియ్యం ఎంత, విస్తళ్లు ఎన్ని, ఎవరికి కబురు వెళ్లాలి అన్నీ లెక్క వేస్తారు. ఆ జాబితాలో మరణం నమోదు చేయించడం మాత్రం ఉండదు. చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు, అంటే పెద్దకర్మ అయ్యాక కూడా ఇంకా సమయం ఉంటుంది. కర్మకు వచ్చిన బంధువుల్లో ఒకరు సచివాలయానికో మునిసిపల్ ఆఫీసుకో వెళ్లి అర్జీ ఇచ్చి, పేరులో తప్పు లేకుండా చూసి, నాలుగు నకళ్లు తెస్తే ఆ కుటుంబం ముప్ఫై ఏళ్ల తిరుగుడు తప్పించుకుంటుంది.

మండల కార్యాలయాల్లో మిగిలిన పాత పుస్తకాలు ఏ ఊరివి, ఏ ఏడాదివి ఉన్నాయో జాబితా రాసి గోడకు అంటించాలని, చిరిగిపోతున్న వాటిని ఫొటోలు తీయించి దాచాలని ప్రజలు కోరుతున్నారు. అశుభ లేఖను చింపేయడం ఆచారం కావచ్చు. దానికి ముందు అందులోని తేదీని ఓ నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటే ఏ ఆచారమూ అడ్డు రాదు.